పదికి ఎంత

ముక్కుపుడక ఊడి రాలేదు.

ఎమ్మారై గది బయట బల్ల మీద రూతు తల వెనక్కి వాల్చి కూర్చుంది. జెస్సీ ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చూపుడువేలి కొసను కొబ్బరినూనెలో ముంచి ముక్కు లోపలున్న పుడక మరకు పూసింది. మర తిరిగినట్టే తిరిగి ఆగిపోతోంది. కమ్మలు, మెడలో గొలుసు, గాజులు, తలలో పిన్నులు అన్నీ తీసి చేతిరుమాలులో మూట కట్టింది. మిగిలింది ఇదొక్కటే.

"దాన్ని తీసి ఇరవై ఏండ్లాయె," అంది రూతు. ముక్కు పట్టుకుని ఉండడంతో గొంతు వేరే ఎవరిదో లాగా వచ్చింది. "నువ్వు పుట్టినప్పుడు గూడా తియ్యలా."

"గమ్మునుండు మా. కదిలితే వేలు జారతాది."

తలుపు తెరుచుకుని ఆదిమూలం తొంగి చూశాడు. రోగుల్ని బండి మీద తోసుకొచ్చి తోసుకుపోయే మనిషి ఆయన. యాభై దాటి ఉంటాయి.

"ఇంకా కాలేదామ్మా? లోపల ఉండేది అయస్కాంతం. పుడకతో పాటు ముక్కునీ లాక్కుంటాది."

"నా ముక్కు చప్పిడిది లేన్నా. దానికి పట్టు దొరకదు," అంది రూతు.

ఆదిమూలం నవ్వుతూ లోపలికి పోయాడు. ఆ నవ్వుకు రూతు కూడా రవ్వంత వదులైంది. అప్పుడే మర తిరిగింది. పుడక జెస్సీ అరచేతిలో పడింది. గోధుమగింజంత లేదు. అమ్మ ముక్కు మీద దాని కింద దాక్కున్న చర్మం తెల్లగా ఉంది. పుడక లేని అమ్మను జెస్సీ ఎప్పుడూ చూడలేదు. ఆ ముఖం ఐదో తరగతి పిల్ల ముఖం లాగా ఉంది.

సిస్టరు అట్ట పట్టుకుని వచ్చింది. జెస్సీ వైపే చూసి నొప్పి గురించి అడిగింది. "పదికి ఎంత?"

జెస్సీ అమ్మ వైపు చూసింది. ఇది ఇద్దరికీ అలవాటైన పని. రెండేళ్ళుగా ఏ ఆసుపత్రిలో అయినా మొదటి ప్రశ్న ఇదే.

"రెండు," అంది రూతు.

సిస్టరు రాసుకుంటూ తల ఎత్తకుండానే అంది. "రెండుకే ఐరాల నుంచి ఈడిదాకా వచ్చినారా?"

జెస్సీ నోట్లో ఒక మాట కదిలింది. నిన్న బస్సు దిగేటప్పుడు అమ్మ ఒక్కో మెట్టుకూ ఆగిందని, వెనకున్నవాళ్ళు విసుక్కున్నారని చెప్పాలనుకుంది. చెప్పలేదు. బళ్ళో అటెండెన్సు పిలిచినప్పుడు కూడా 'ప్రెజెంట్' అనే మాట ఆమె గొంతులోనే ఉండిపోయేది. పక్కనుండే పిల్ల చెయ్యెత్తి చూపించేది.

యంత్రం లోపల రూతు అరగంట ఉంది. గోడ ఇవతలికి కూడా చప్పుడు వినిపించింది. బయటికి వచ్చాక, "బోరు బండిని తెచ్చి నా నెత్తిన నిలబెట్టినట్టు ఉండె పాపా," అని చెప్పి, పుడక కోసం చెయ్యి చాచింది.

* * *

డాక్టరు ధనంజయ ఆ సాయంత్రం ఫిల్మును వెలుతురు పెట్టె మీద తగిలించాడు. పక్కన ఇంకా చదువుకుంటున్న డాక్టరమ్మ ఉమ్మే హబీబా నిలబడింది. రూతును స్టూలు మీద కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు. గోడకు ఒక భుజం ఆనించి నిలబడింది. అలా నిలబడితే నొప్పి కాలిలోకి దిగదు.

"చూడు పాపా," అన్నాడు డాక్టరు జెస్సీతో. "ఇవి ఎముకలు. ఎముకకూ ఎముకకూ మధ్య ఈ మెత్తలు. వీటినే డిస్కులంటాం. నీళ్ళు ఉన్నది తెల్లగా కనపడుతుంది. ఎండిపోయినది నల్లగా కనపడుతుంది. పైవన్నీ తెల్లగా ఉన్నాయి కదా. కింద ఉన్న ఈ రెండూ నల్లబడ్డాయి."

"నీళ్ళు పారని వరి కయ్య మాదిరుండాది," అంది రూతు. డాక్టరు వినలేదు. హబీబా మాత్రం ఒకసారి ఆమె వైపు చూసింది.

"ఇక్కడే చిక్కు," అన్నాడు డాక్టరు. "నల్లబడినవన్నీ నొప్పి పెట్టవు. రెంటిలో ఏది బాధ పెడుతోందో ఫోటో చెప్పదు. అది తెలియకుండా ఆపరేషన్ చెయ్యకూడదు. అందుకని రేపు ఇంకో పరీక్ష. వీపు నుంచి సన్నటి సూది పెట్టి ఒక్కో డిస్కులోకి మందు ఎక్కిస్తాం. ఏది ఎక్కిస్తే మీ అమ్మకు రోజూ వచ్చే నొప్పి వస్తుందో అదే దోషి. బాగున్న డిస్కుకు కూడా ఒకదానికి పెడతాం, పోల్చడానికి. దేనికి పెడుతున్నామో ముందుగా చెప్పం. నోటుపుస్తకం తెచ్చావా?"

నెల కిందట మొదటిసారి వచ్చినప్పుడు ఆయనే చెప్పాడు, రోజూ నొప్పి పదికి ఎంతో రాసిపెట్టమని. జెస్సీ తెచ్చి ఇచ్చింది. ఆయన అంకెల మీదుగా బొటనవేలు జరుపుకుంటూ పోయాడు. రెండు, ఒకటి, మూడు, రెండు, ఎనిమిది, రెండు. పక్కన జెస్సీ గుండ్రటి అక్షరాలతో రాసిన వాక్యాలు చదవలేదు.

"ఎక్కువ రోజులు తక్కువే ఉంది. మీ అమ్మకు ఓర్పు ఎక్కువా?"

"ఔ సార్," అంది జెస్సీ. అది ఎవరికీ వినపడి ఉండదు.

ఓర్పు ఎక్కువ అని ఊరంతా అనేదే. చిత్తూరులో చూపించినప్పుడూ అదే జరిగింది. రెండు, మూడు అని రాసుకుని బలానికి మాత్రలు రాసి పంపేవాళ్ళు. అమ్మ దాచుకుని తక్కువ చెబుతుందని జెస్సీకి తెలుసు. అయినా అమ్మ చెప్పిన అంకెనే రాసేది. అమ్మ మాటను తాను ఎట్లా దిద్దుతుంది?

* * *

వార్డులో కిటికీ పక్క మంచం దొరికింది. దూరంగా కొండ కనపడుతుంది. పొద్దు వాలుతుంటే కొండ మొదట ఎర్రగా, తరవాత పొగ రంగుగా మారింది. పక్క మంచం మీద సత్యవేడు నుంచి వచ్చిన గురవమ్మ. తుంటి ఎముక విరిగి ఇరవై రోజులుగా అక్కడే ఉంది. వార్డులో ఎవరికి ఏ జబ్బో సిస్టర్ల కంటే ఆమెకే బాగా తెలుసు.

"నీకు నడుమెట్ల పోయిందిమే?" అని అడిగింది.

"పోవడమేముండాది పెద్దమ్మా. నాట్లు."

"మా తట్టు ఇప్పుడు మిషన్లు వచ్చేసినాయి. నేనూ నాటిందాన్నే. మీరు కుదురుకు ఎన్ని పోచలు పెడతారు?"

"మూడు. నారు ముదురైతే నాలుగు."

"మేము రెండే."

"రెండు పెడితే ఒకటి పురుగు తింటే ఇంకేం మిగలతాది?"

రూతు దుప్పటి మీద చెయ్యి పెట్టి చూపించింది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కలిసి ముక్కు లాగా అయి దుప్పటిలో దిగి వచ్చాయి. ఒక జాన అవతల మళ్ళీ దిగాయి. గురవమ్మ కూడా తన మంచం మీద, తాను ఎట్లా నాటేదో చూపించింది. ఆమె మూడువేళ్ళు కాదు, బొటనవేలితో తొక్కేది. కొంతసేపు ఇద్దరూ మాట్లాడకుండా రెండు దుప్పట్ల మీద నాట్లు వేశారు. వీళ్ళిద్దరికీ ఏమైందని ఎదుటి మంచంలోని ఆమె తల ఎత్తి చూసింది.

జెస్సీ కిటికీ దగ్గర నిలబడి చూస్తోంది. చిన్నప్పుడు ఆదివారాలు చర్చి అయిపోగానే తాను సద్ది గిన్నె ఎత్తుకుని కయ్యల దగ్గరికి పోయేది. గెనిమ గట్టు మీద నిలబడితే ఎవరి ముఖాలూ కనపడేవి కావు. బురదలో వరసగా పన్నెండు నడుములు వంగి ఉండేవి. అన్నీ పాత చొక్కాలు తొడుక్కున్నవే. అయినా అందులో అమ్మ నడుము ఏదో ఆమెకు తెలిసిపోయేది. నాటుకుంటూ అందరికంటే ముందుగా వెనకడుగు వేసేది అమ్మే. సద్ది తినే వేళకు అమ్మ ఒక్కసారిగా నిటారుగా లేచేది. చెయ్యి నడుము మీద పెట్టుకోకుండా, గడ్డిపోచ లేచినట్టు లేచేది. తిరిగి వచ్చేటప్పుడు జెస్సీని ఉప్పుమూట ఎత్తుకునేది. అమ్మ వీపు బురద వాసన, చెమట వాసన. ఏడేళ్ళు వచ్చాక కూడా కాళ్ళు నొప్పులని అబద్ధం చెప్పి ఎక్కేది. అప్పుడు ఎందుకు దిగలేదా అని ఇప్పుడు అనిపించింది.

"ఆ పిల్ల మాట్లాడదా?" అని అడిగింది గురవమ్మ.

"రాస్తాది," అంది రూతు. "మాట్లాడేదంతా రాసేస్తాది."

* * *

పరీక్ష మరుసటి రోజు పది గంటలకు. పొద్దున్నే సిస్టరు వచ్చి సంగతులు చెప్పింది. బోర్లా పడుకోవాలి. చర్మానికి మాత్రమే తిమ్మిరి సూది వేస్తారు. మత్తు ఇయ్యరు.

"మత్తిస్తే ఏది నొస్తా ఉండాదో మీకు తెలీదు గదా," అంది సిస్టరు. "మీరు మెలకువగా ఉండి చెప్పాల. పదికి ఎంతో డాక్టరు అడగతారు. భయపడకుండా చెప్పండి."

నొప్పి తగ్గించే చోటికి వచ్చి, నొప్పి తెప్పించుకోవాలి. జెస్సీకి అది వింతగా తోచింది. రూతు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. ఆమె ప్రార్థన ఎప్పుడూ పొట్టిగానే ఉంటుంది. ఆదిమూలం బండి తోసుకుని వచ్చాడు.

తలుపు మూసుకున్నాక జెస్సీ బెంచీ మీద కూర్చుంది. లోపలి నుంచి ఒక్క మూలుగు కూడా రాలేదు. యంత్రం కదిలిన చప్పుడు, డాక్టరు ఏదో అడిగిన చప్పుడు, ఆగి ఆగి. దాదాపు గంటకు బండి బయటికి వచ్చింది. రూతు బోర్లా పడుకునే ఉంది. కింది పెదవి మీద పంటి గాటు ఎర్రగా ఉంది. కూతుర్ని చూడగానే నవ్వింది.

"మీయమ్మ గట్టి మనిషి పాపా," అన్నాడు ఆదిమూలం. "కుయ్యి కయ్యి అనలా. మొన్న ఒక మొగోడు యంత్రాన్నే తన్నినాడు."

మధ్యాహ్నం రెండు గంటలకు డాక్టరు ధనంజయ వార్డుకు వచ్చాడు. మంచం చివర నిలబడి కాగితాలు తిప్పాడు. ముఖంలో కోపం లేదు. ఒక పని అయిపోయిన మనిషి ముఖం అది.

"పాపా, ఈ పరీక్ష ఫలితం లెక్కలోకి రాదు," అన్నాడు. "బాగున్న డిస్కుకు పెడితే తొమ్మిది అన్నారు. నల్లబడిన పైదానికి ఆరు. అన్నిటికంటే చెడిపోయిన కిందిదానికి ఒకటి. బాగున్నచోట నొప్పి అని, చెడినచోట లేదు అని చెప్తే నేను దేన్ని నమ్మాలి? ఇంతేనా అని అడిగిన ప్రతిసారీ 'అంతే సార్' అన్నారు. నడుములో కంటే మనసులో బాధ ఎక్కువ ఉన్నవాళ్ళు ఇట్లా చెప్తారు. మీ ఇంట్లో ఏమైనా గొడవలున్నాయా?"

జెస్సీ తల అడ్డంగా ఊపింది.

"సరే. మాత్రలు రాస్తాను. మనసుకు సంబంధించిన డాక్టరుకు చీటీ ఇస్తాను. రేపు ఉదయం రౌండ్సు అయ్యాక ఇంటికి పోవచ్చు."

ఆయన పోయాడు. హబీబా ఒక నిమిషం నిలబడి, ఏదో అడగబోయి, పైనుంచి పిలుపు రావడంతో పోయింది.

"ఏమన్నాడు పాపా?" అంది రూతు. ఆమెకు కొంతే వినపడింది.

"రేపు ఇంటికి పోమన్నాడు."

"ఆపరేషనో?"

"వద్దంట."

"పెద్ద చదువులు చదివినోళ్ళు. వాళ్ళకు తెలీదా," అంది రూతు. "వచ్చే నెల నారు పోస్తారు. రవ్వంత కట్టు కట్టుకుని పోతే సరి."

"సూదికి భయపడి నోటికొచ్చింది సెప్పింటావు," అంది గురవమ్మ. "నేనైతే పొడవకముందే ఏడ్సేసుందును. అప్పుడు అందరూ నమ్ముతారు."

* * *

సంచిలో బట్టలు సర్దుతుంటే నోటుపుస్తకం చేతికి తగిలింది. జెస్సీ మంచం పక్కన నేల మీద కూర్చుని తెరిచింది. చదవాలని కాదు. ఇంటికి పోయాక దీనితో పని లేదు కదా అని.

'ఒకటి. అమ్మ పొద్దున మంచం మీంచి లేవలేదు. నాయనే నీళ్ళు కాచినాడు. సంగటి మాడిపోయింది.'

'ఎనిమిది. ఈస్టరు. చర్చికి నడిచి పోయింది. నడిచే వచ్చింది. కొత్త చీర.'

'రెండు. బిందె ఎత్తబోయి గోడ పట్టుకుని నిలబడిపోయింది. పిలిస్తే పలకలేదు.'

'ఏడు. పెద్దమ్మ వచ్చింది. చింతగింజలు కొడుతూ ఇద్దరూ పొద్దుగూకే దాకా నవ్వుకున్నారు.'

ఈస్టరు నాడు ఎక్కువ నడిచింది కాబట్టి ఎనిమిది అని అనుకుంది అప్పట్లో. పెద్దమ్మతో చాలాసేపు కూర్చుంది కాబట్టి ఏడు. లేవలేని రోజున ఒకటి అంటే, దాచిపెడుతోంది. ప్రతి అంకెకూ తానే ఒక కారణం అల్లుకుంది. ఇప్పుడు అన్నీ ఒకచోట చూస్తుంటే ఆ కారణాలు ఒక్కోటి ఊడిపోతున్నాయి. నవ్విన రోజులకు పెద్ద అంకెలు. గోడ పట్టుకున్న రోజులకు చిన్న అంకెలు. నెలంతా అంతే. ఒక్క రోజు కూడా తప్పలేదు.

"మా."

"ఊఁ."

"పదికి ఎంత అని అడగతారు గదా. పది అంటే ఏంది?"

"పదంటే పదే. శానా బాగుంటే పది. బొత్తిగా బాగలేకుంటే సున్నా."

"నొప్పా?"

రూతు మెల్లగా పక్కకు తిరిగి కూతుర్ని చూసింది. "నొప్పికి ఎవురన్నా మార్కులేస్తారా పాపా? నడుముకు."

పక్క మంచం మీద గురవమ్మ విసనకర్ర ఆపింది.

"అట్లని నీకు ఎవురు చెప్పినారు?"

"నువ్వే గదా చెప్తివి. చిత్తూర్లో ఆ సిస్టరమ్మ కాయితం ఇచ్చి ఇంగ్లీషులో ఏందో అడిగింది గదా, అప్పుడు. 'నీ నడుముకు పదికి ఎన్ని మార్కులేస్తావు మా' అంటివి."

జెస్సీకి ఆ రోజు మొత్తం ఒక్కసారిగా గుర్తుకొచ్చింది. ఎనిమిదో తరగతి యూనిఫాంలోనే పోయింది. వరసలో వెనక చాలామంది ఉన్నారు. సిస్టరు గట్టిగా, అందరికీ వినపడేట్టు, "అడుగమ్మా మీ అమ్మను, త్వరగా" అంది. అందరూ తన వైపే చూస్తున్నారు. సిగ్గుతో చెవులు వేడెక్కి, అమ్మ చెవిలో గుసగుసగా, నోటికి వచ్చిన మాట అనేసింది. మార్కులు. ఆ వయసులో తనకు పదికి అనగానే తోచేది అదే. అమ్మకూ అదే.

"మా రాజరత్నం అయ్యోరు పలక మీద ఏసేవాడు మార్కులు," అంటోంది రూతు. పైకప్పు వైపు చూస్తూ, దూరపు గొంతుతో. "సుద్దతో వేసి చుట్టూ సున్న చుట్టేవాడు. అది చెరిగిపోతాదని పలకను పావడకు తగలకుండా, ఇట్ల చెయ్యి దూరంగా పెట్టుకుని ఇంటిదాకా నడిచేదాన్ని. ఒకసారి వాన పడె. మాయమ్మ నమ్మలా. 'తొమ్మిదొచ్చినాయమ్మా' అంటే, 'యాడ?' అనె. ఐదుతో మాన్పించేసిరి. నాకు మార్కులేయడం రాదనుకుంటివా? నేను నెలంతా సరిగ్గానే ఏసినా."

"పొద్దున సూదికి తొమ్మిది ఎందుకేసినావు?"

"మొదటి సూదికి ఏమీ కాలా. సల్లగా నీళ్ళు పోసినట్టుండె. పదే వెయ్యాలనుకుంటి. పది వేస్తే పొగరనుకుంటారని ఒకటి తగ్గిస్తి."

"కడా సూదికి?"

రూతు పెదవి మీది గాటును నాలుకతో తడుపుకుంది.

"అదా. అది సున్నానే. కాలి బొటనవేలి దాకా పీకింది. ప్రాణం పోయె. కానీ ఆయన అంత కష్టపడి పొడస్తా ఉండాడు, సున్నా అంటే చిన్నబుచ్చుకుంటాడని ఒకటి ఏసినా."

గురవమ్మ నవ్వబోయి, జెస్సీ ముఖం చూసి ఆగిపోయింది. జెస్సీ పుస్తకాన్ని రొమ్ముకు అదుముకుని తల వంచుకుని కూర్చుంది. రెండేళ్ళు. బలానికి రాసిచ్చిన ఆ మాత్రలన్నీ. బస్సు మెట్లు. పలకకుండా గోడ పట్టుకోవడం. అంతా తాను గుసగుసగా అన్న ఒక్క మాట మీద నడిచింది.

"ఏడుస్తా ఉండావా?" అంది రూతు. "ఎందుకుమే?"

"ఏం లేదు మా."

"పోయి ఆ డాక్టరుకు సెప్పు పాపా," అంది గురవమ్మ. "రాసిస్తే సదవడు. నోటితో సెప్పు."

* * *

రౌండ్సు తొమ్మిదికి. జెస్సీ పొద్దున్నుంచీ వరండాలో నడుస్తూ ఆ వాక్యాన్ని పెదవులతో అనుకుంటూనే ఉంది. సార్, ఒక తప్పు జరిగింది. కాదు. సార్, మా అమ్మ చెప్పింది వేరే. కాదు. ఏ మాటతో మొదలుపెట్టినా గొంతు దాకా వచ్చి కరిగిపోతోంది.

డాక్టరు ధనంజయ వెనక ఐదుగురు చదువుకునే డాక్టర్లు ఉన్నారు. రూతు మంచం దగ్గర ఆగకుండానే, "వీళ్ళది డిశ్చార్జి," అంటూ గురవమ్మ వైపు కదిలాడు.

జెస్సీ రెండు మంచాల మధ్య దారిలో నిలబడింది. కావాలని నిలబడలేదు. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. డాక్టరు కూడా ఆగాల్సి వచ్చింది.

"ఏం పాపా? చీటీ ఇస్తారు. ఆఫీసులో తీసుకో."

జెస్సీ పుస్తకం ముందుకు చాచింది. ఆయన తీసుకోలేదు. "మొన్న చూశాను కదా," అన్నాడు.

గురవమ్మ దగ్గింది. అది దగ్గు కాదని వార్డులో అందరికీ తెలుసు.

"తప్పు నాది సార్," అంది జెస్సీ. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. "మా అమ్మ నొప్పికి మార్కులెయ్యలా. నడుముకు ఏసింది."

ఎవరో నవ్వారు. డాక్టరు నవ్వలేదు. అర్థం కానట్టు చూశాడు. హబీబా ముందుకు వచ్చి పుస్తకం అందుకుంది. పేజీలు తిప్పుతూ అక్కడక్కడా పైకే చదివింది. ఒకటి, మంచం మీంచి లేవలేదు. ఎనిమిది, చర్చికి నడిచి పోయింది. రెండు, గోడ పట్టుకుని నిలబడిపోయింది. నాలుగో వాక్యం దగ్గర డాక్టరు చెయ్యి చాచి పుస్తకం తీసుకున్నాడు. నిలబడే చదివాడు. రెండు పేజీలు చదివాడు. వెనక ఉన్నవాళ్ళు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారారు.

"సార్, నిన్న కిందిదానికి మందు ఎక్కించినప్పుడు ఆమె పాదం ఎగిరింది," అంది హబీబా. "నేను రాసిపెట్టాను. ఒకటి అన్నారు కాబట్టి మీకు చెప్పలేదు."

డాక్టరు మంచం పక్కకు వచ్చాడు. ఈ మూడు రోజుల్లో మొదటిసారి రూతు ముఖంలోకి చూసి మాట్లాడాడు. "అమ్మా, మీ నడుముకు ఈ రోజు ఎన్ని మార్కులు?"

"రెండు సార్," అంది రూతు. కొంచెం ఆలోచించి, "మీరు వచ్చినారు గాబట్టి మూడు," అంది.

ఆయన ఆమె మడమ పట్టుకుని, మోకాలు వంచకుండా కాలిని మెల్లగా పైకి ఎత్తాడు. జానెడు లేచిందో లేదో, రూతు వేళ్ళు దుప్పటిని పట్టుకున్నాయి. ఆయన ఆ వేళ్ళనే చూస్తున్నాడు. కాలిని అంతే మెల్లగా దించాడు.

"ఇంట్లో దీన్ని ఏమంటారు మీరు? నొప్పి అంటారా?"

"పీకులాట అంటాం సార్."

"యాడి నుంచి యాడికి పీకతాది?" అన్నాడు ఆయన. ఆయన నోట ఆ యాస వినడం వార్డులో ఎవరికీ అలవాటు లేదు.

రూతు చూపించింది. పిరుదు కింద నుంచి తొడ వెనకగా, పిక్క మీదుగా, బొటనవేలి దాకా. గీత గీసినట్టు.

"నిన్నటి అంకెలు తిరగేసి చదువుకుంటే సరిపోయేట్టే ఉంది," అన్నాడు డాక్టరు. "కానీ తిరగేసి చదివి కత్తి పెట్టలేను. ఇంకోసారి అడగాలి. అంటే ఇంకోసారి సూది. ఓర్చుకుంటారా?"

"ఓర్చుకుంటాను సార్."

"వద్దు. ఈసారి ఓర్చుకోవద్దు. అదే నేను చెప్పేది. పీకులాట వస్తే అరవండి."

ఆయన జెస్సీ వైపు తిరిగాడు. ఏమన్నా అంటాడని ఆమె తల వంచుకుంది. ఆయన పుస్తకం ఆమె చేతిలో పెట్టి, "పక్కన రాసినవి నేను మొన్ననే చదవాల్సింది," అని గురవమ్మ మంచం వైపు పోయాడు.

* * *

రెండు రోజుల తరవాత మళ్ళీ అదే గది. ఈసారి జెస్సీని కూడా లోపలికి రమ్మన్నారు. అమ్మ మాట అర్థం కాకపోతే చెప్పడానికి. హబీబా ఆమెకు ఎక్స్‌రే తగలకుండా సీసం పలకలు కుట్టిన కోటు తొడిగి వెనక ముడి వేసింది. కోటు బరువుకు జెస్సీ భుజాలు కిందికి దిగాయి. అద్దం వెనక నిలబడమన్నారు.

రూతు బోర్లా పడుకుంది. వీపు మీద పచ్చ గుడ్డ, దానిలో చిన్న కిటికీ. ఆ కిటికీలో చెయ్యి వెడల్పంత అమ్మ నడుము. ఎన్నో ఏళ్ళు చొక్కా కింద వంగి ఉన్న ఆ చోటు ఎండ తగలక, ముఖం కంటే తెల్లగా ఉంది.

"అమ్మా, మొదలుపెడుతున్నాను," అన్నాడు డాక్టరు.

"ఒక్క నిమిషం సార్." రూతు తల ఎత్తలేక, టేబులుకు చెంప ఆనించే మాట్లాడింది. "పాపను బయటికి పంపండి."

హబీబా దగ్గరికి వచ్చి వంగింది. "ఎందుకమ్మా? తోడుగా ఉంటుంది కదా."

"అది ఈడుంటే నాకు నోరు రాదు మేడమ్. పదారేండ్లుగా దాని ముందర అరిసింది లేదు. అరవమంటా ఉండారు గదా. అది బయటికి పోతేనే అయితాది."

జెస్సీ వెనక్కి చేతులు పెట్టి కోటు ముడి తానే విప్పుకుంది. కోటు కొక్కేనికి తగిలించింది. అమ్మ వైపు ఒకసారి చూసింది. రూతు కళ్ళు మూసుకుని ఉంది.

బయట బెంచీ మీద కాలికి పిండికట్టుతో శ్రీకాళహస్తి నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. జెస్సీ ఆయన పక్కన కూర్చుంది. తలుపు మూసుకుంది. యంత్రం కదిలిన చప్పుడు. డాక్టరు గొంతు. ఏమీ లేదు. మళ్ళీ డాక్టరు గొంతు. ఏమీ లేదు. గోడ మీది గడియారం ముల్లు రెండు గీతలు దాటింది.

అప్పుడు ఆ అరుపు వచ్చింది. తలుపును దాటి, వరండాను దాటి, మెట్ల దాకా పోయింది. మాట కాదు. అంకె కాదు. పొట్టలోంచి లేచి వచ్చిన గొంతు. అవతల బండి తోసుకుని వస్తున్న ఆదిమూలం ఉన్నచోటే ఆగిపోయాడు. జెస్సీ చెవులు మూసుకోలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, వీపు నిటారుగా పెట్టి, ఆ గొంతు ఆగిపోయే దాకా విన్నది.

"ఎవురు పాపా, అట్ల అరిసేది?" అన్నాడు పెద్దాయన భయంగా.

"మా అమ్మ," అంది జెస్సీ.

ఆయనకు వినపడలేదేమోనని, ఆయన వైపు తిరిగి, ఇంకోసారి గట్టిగా చెప్పింది.